ప్యాకెట్టు కొంచెం, పేజీ ఘనం: లినక్స్ నెట్‌వర్క్ బఫర్లకు మెమరీ ఎక్కడి నుంచి వస్తుంది

ప్యాకెట్టు చెప్పాపెట్టకుండా వస్తుంది. డిస్కు నుంచి చదివేటప్పుడు కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగం) తానే అడుగుతుంది కాబట్టి ఎంత చోటు కావాలో ముందే తెలుస్తుంది. నెట్‌వర్క్ కార్డు విషయంలో అలా కుదరదు. ఎప్పుడు, ఎవరి కోసం, ఎంత పొడవుతో వస్తుందో తెలియని డేటాకు ముందుగానే చోటు సిద్ధం చేసి, ఆ అడ్రస్ కార్డుకు ఇచ్చి ఉంచాలి. వచ్చాక వెతుక్కుందామంటే ఆ ప్యాకెట్టు అప్పటికే నేలపాలు.

వేగం సంగతీ చూడాలి. 10 గిగాబిట్ లింకు మీద అతి చిన్న ఫ్రేములు వరసగా వస్తే సెకనుకు కోటీ 48 లక్షల పైచిలుకు ప్యాకెట్లు. అంటే ఒక్కోదానికి దొరికేది 67 నానోసెకన్లు. క్యాష్‌లో లేని డేటా కోసం ఒక్కసారి ర్యామ్ దాకా వెళ్లొస్తేనే ఆ సమయం దాదాపు ఖర్చయిపోతుంది. 1500 బైట్ల మామూలు ప్యాకెట్లయినా ఒక్కోదానికి 1.23 మైక్రోసెకన్లే. పైగా ఈ పనంతా సాఫ్ట్ ఇంటరప్ట్ (కార్డు పిలిచాక కెర్నెల్ వెంటనే చేసే పని) సందర్భంలో జరుగుతుంది, అక్కడ నిద్రపోవడానికి వీల్లేదు. మెమరీ లేకపోతే, వేరే పేజీలు (కెర్నెల్ మెమరీని పంచే ముక్కలు, మామూలుగా ఒక్కోటి 4 కిలోబైట్లు) ఖాళీ అయ్యేదాకా ఆగుదాం అనే అవకాశం ఉండదు. ఉంటే ఇవ్వాలి, లేకపోతే వెంటనే లేదనాలి. మెమరీ అడిగేటప్పుడు ఇచ్చే జీఎఫ్‌పీ అటామిక్ అనే ఫ్లాగుకు అర్థం అదే.

ఈ ఇబ్బందులన్నీ తెలిసినవే. అంతగా పట్టించుకోని సంగతి మరొకటుంది. ప్యాకెట్టు పొడవు వేరు, ఆ ప్యాకెట్టు వల్ల బందీ అయిన మెమరీ వేరు. బఫర్ కేటాయింపులో ఇన్నేళ్లలో వచ్చిన పద్ధతులు, వాటితో పాటు వచ్చిన బగ్గులు చాలావరకు ఈ తేడా చుట్టూనే తిరిగాయి.

ఒక ప్యాకెట్టుకు ఎన్ని బైట్లు?

లినక్స్‌లో ప్రతి ప్యాకెట్టుకూ ఒక ఎస్‌కేబీ ఉంటుంది. ఇది డేటా కాదు, డేటాకు చీటీ లాంటిది: ఏ పరికరం నుంచి వచ్చింది, ఏ సాకెట్‌కు (ప్రోగ్రాము నెట్‌వర్క్‌కు తెరుచుకునే ద్వారం) చెందింది, హెడర్లు ఎక్కడ మొదలవుతాయి వంటి వివరాలు. 64 బిట్ యంత్రం మీద 64 బైట్ల క్యాష్ లైనుకు సర్దాక ఇది సాధారణంగా 256 బైట్లు. అసలు డేటా మరో చోట ఉంటుంది. ఆ డేటా బఫర్ చివర షేర్డ్ ఇన్ఫో అనే ఇంకో భాగాన్ని అతికిస్తారు, అది 320 బైట్లు. ప్యాకెట్టులో మిగతా ముక్కలు ఏయే పేజీల్లో ఉన్నాయో ఆ జాబితా అందులో ఉంటుంది.

ఈ లెక్కను కెర్నెల్‌లోనే చూడొచ్చు. సాకెట్ రిసీవ్ బఫర్ గరిష్ఠ పరిమితికి చాలాకాలం డిఫాల్ట్‌గా ఉన్న 212992 అనే వింత సంఖ్య ఎక్కడిదని చాలామంది అడుగుతుంటారు. 256 బైట్ల డేటా, 256 బైట్ల ఎస్‌కేబీ, 320 బైట్ల షేర్డ్ ఇన్ఫో కలిపితే 832. అలాంటివి 256 పట్టాలని 832ను 256తో గుణించారు. అంతే, 212992. పావు కిలోబైటు ప్యాకెట్టుకు 832 బైట్ల చోటని కెర్నెలే ఒప్పుకుంటోందన్నమాట. ఇలా అన్నీ కలిపి లెక్కగట్టిన మొత్తాన్ని ట్రూసైజ్ అంటారు. సాకెట్ ఎంత మెమరీ వాడుతోందో చూసేటప్పుడు కెర్నెల్ లెక్కపెట్టేది దీన్నే, ప్యాకెట్టు పొడవును కాదు.

ఇది పట్టించుకోకపోతే ఏమవుతుందో ఒక ఉదాహరణ. ఒక ప్రోగ్రాము 100 బైట్ల యూడీపీ సందేశాలు అందుకుంటోంది. బఫర్ 212992 బైట్లు కాబట్టి రెండు వేల పైచిలుకు సందేశాలు క్యూలో పడతాయని రాసినవారి అంచనా. డ్రైవరేమో ప్రతి ప్యాకెట్టునూ 2048 బైట్ల బఫర్‌లో దించుతోంది. ఎస్‌కేబీతో కలిపితే ట్రూసైజ్ 2304. భాగించి చూస్తే క్యూలో పట్టేవి సుమారు 92. ప్రోగ్రాము కాసేపు వేరే పనిలో పడిందంటే యూడీపీ రిసీవ్ బఫర్ ఎర్రర్ల కౌంటర్ పెరుగుతూ పోతుంది. నెట్‌వర్క్ వాళ్లను తిట్టి లాభం లేదు. సెట్‌సాకాప్ట్ అనే కాల్‌తో బఫర్ సైజుగా అడిగిన విలువను కెర్నెల్ రెట్టింపు చేసి పెట్టుకునేది కూడా ఈ అదనపు ఖర్చు కోసమే. కానీ చిన్న సందేశాలకు ఆ రెట్టింపు ఏ మూలకూ చాలదు.

గొలుసా, ఒకే ముక్కా?

బీఎస్‌డీ అనే యూనిక్స్ రూపాన్ని తయారుచేసినవాళ్లు దీన్ని మొదటి నుంచీ వేరేగా చూశారు. 1983 నాటి 4.2 బీఎస్‌డీలో ప్యాకెట్టు బఫరైన ఎంబఫ్ 128 బైట్ల చిన్న డబ్బా. డేటా ఎక్కువైతే డబ్బాలను గొలుసుగా కలుపుతూ పోతారు, మరీ పెద్దదైతే క్లస్టర్ అనే పెద్ద బఫర్‌ను తగిలిస్తారు. ఇప్పటి ఫ్రీబీఎస్‌డీలో ఎంబఫ్ 256 బైట్లు, మామూలు క్లస్టర్ 2048 బైట్లు. మెమరీ ఖరీదైన రోజుల్లో ఇది మంచి పొదుపు. దాని మూల్యం కోడ్ రాసేవాళ్లు చెల్లించాలి. హెడర్ రెండు డబ్బాల మధ్య విరిగి ఉండొచ్చు కాబట్టి, చదివే ముందు దాన్ని ఒకచోటికి లాగాలి.

లినక్స్ ప్యాకెట్టుకు ఒకే వరస బఫర్ అన్న దారి పట్టింది. హెడర్ చదవడం తేలిక, కోడ్ సాఫీగా ఉంటుంది. చిక్కల్లా పెద్ద ప్యాకెట్ల దగ్గర వచ్చింది.

1500 బైట్ల ప్యాకెట్టుకు లెక్క చక్కగా కుదురుతుంది. ముందు 64 బైట్ల ఖాళీ, ఈథర్నెట్ హెడర్ 14, వీల్యాన్ ట్యాగుకు 4, డేటా 1500. మొత్తం 1582, సర్దితే 1600. షేర్డ్ ఇన్ఫో 320 కలిపితే 1920. కాబట్టి 2048 బైట్ల ముక్కలో హాయిగా ఇమిడిపోతుంది. ఇలాంటి ఒకే సైజు ముక్కలను పేజీల నుంచి కోసి సిద్ధంగా ఉంచే పద్ధతి పేరు స్లాబ్. సన్ కంపెనీలో జెఫ్ బాన్విక్ రూపొందించిన ఈ ఆలోచన 1994లో సోలారిస్‌తో వెలుగులోకి వచ్చింది. లినక్స్‌లో ప్రస్తుతం దాని రూపం స్లబ్. 2007లో క్రిస్టఫ్ లామెటర్ తెచ్చాడు. పాత స్లాబ్ కోడ్‌ను 6.8 వెర్షన్‌లో పూర్తిగా తీసేశారు.

ఇప్పుడు జంబో ఫ్రేము, 9000 బైట్లు. అదే లెక్కన 9408 బైట్లు కావాలి. 8192 దాటితే స్లబ్ తన దగ్గర ముక్కలు లేవని నేరుగా పేజీలు ఇచ్చే బడ్డీ అలొకేటర్ దగ్గరికి పంపుతుంది. బడ్డీ పేజీలను ఇచ్చేది 1, 2, 4, 8 ఇలా రెట్టింపయ్యే లెక్కలోనే. కాబట్టి 16384 బైట్లు, అంటే పక్కపక్కనే ఉన్న నాలుగు పేజీలు. దాదాపు 7000 బైట్లు వృథా. అసలు సమస్య వృథా కూడా కాదు, ఆ "పక్కపక్కనే" అన్న షరతు. వారాల తరబడి నడిచిన సర్వర్‌లో గిగాబైట్ల మెమరీ ఖాళీగా ఉన్నా నాలుగు పేజీలు వరసగా దొరక్కపోవచ్చు. నిద్రపోగలిగితే కెర్నెల్ పేజీలను అటూ ఇటూ జరిపి చోటు చేస్తుంది. అటామిక్ సందర్భంలో ఆ వీలు లేదు. అందుకే డీమెసేజ్‌లో (కెర్నెల్ సందేశాల చిట్టా) "పేజ్ అలొకేషన్ ఫెయిల్యూర్, ఆర్డర్ 2" అన్న వరస కనిపిస్తుంది, ఆర్డర్ 2 అంటే పక్కపక్కన నాలుగు పేజీలు. ఫ్రీ కమాండ్ చూస్తే బోలెడు మెమరీ ఖాళీ అంటుంది. రెండూ నిజమే.

మందు ఏమిటంటే వరస బఫర్ మీద పంతం వదలడం. హెడర్ల మేరకు చిన్న వరస ముక్క, మిగతా డేటా విడి పేజీల్లో. 9000 బైట్లకు మూడు విడి పేజీలు చాలు, అవి పక్కపక్కన ఉండనక్కర్లేదు. మంచి డ్రైవర్లన్నీ ఇప్పుడు చేసేది ఇదే. ఫ్రీబీఎస్‌డీలో 9 కిలోబైట్ల క్లస్టర్లకూ సరిగ్గా ఇదే జబ్బు, ఇదే మందు: పేజీ సైజు క్లస్టర్లు వాడమంటారు. గొలుసు వద్దనుకున్న లినక్స్ తిరిగి తిరిగి దాదాపు గొలుసు దగ్గరికే చేరింది.

కోసిన పేజీ, బందీ అయిన పేజీ

చిన్న ముక్కలను మరింత చవగ్గా ఇవ్వడానికి పేజ్ ఫ్రాగ్ అనే చిట్కా ఉంది. 32 కిలోబైట్ల ముక్కను ఒకేసారి తెచ్చుకొని, అడిగినవాళ్లకు అడిగినంత కోసి ఇస్తూ పోవడం. ప్రతి సీపీయూకూ తనదైన ముక్క ఉంటుంది కాబట్టి తాళాల (లాక్‌ల) గొడవ లేదు. కేటాయింపు అంటే ఒక సంఖ్యను తగ్గించడమే. ఇంతకన్నా చౌక ఇంకోటి లేదు.

తిరిగివ్వడం దగ్గర ఉంది అసలు కథ. ఆ 32 కిలోబైట్లు మళ్లీ వ్యవస్థకు చేరాలంటే అందులోంచి కోసిన ఆఖరి ముక్క కూడా ఖాళీ కావాలి. ఒక్క ప్రయాణికుడు సీట్లోంచి లేవకపోతే బస్సంతా డిపోకి పోలేనట్టు. నెమ్మదిగా చదివే సాకెట్లు వేల సంఖ్యలో ఉన్న సర్వర్‌ను ఊహించండి. ఒక్కో 32 కిలోబైట్ల ముక్కలోనూ ఎవరిదో ఒక కిలోబైటు ప్యాకెట్టు మిగిలి ఉంటుంది. ట్రూసైజ్ లెక్క ప్రకారం వాడకం ఒక కిలోబైటు, నిజంగా బందీ అయింది 32. కెర్నెల్ తన పరిమితుల్లోనే ఉన్నాననుకుంటూ మెమరీ అయిపోయే దాకా వెళ్లగలదు. 2021లో ఎరిక్ డ్యుమజే చేసిన ఒక దిద్దుబాటు సరిగ్గా ఈ 32 రెట్ల తక్కువ అంచనా గురించే. అతి చిన్న ఎస్‌కేబీలకు పేజ్ ఫ్రాగ్ వాడకుండా మామూలు స్లాబ్ ముక్కలే ఇవ్వడం దాని సారాంశం. అక్కడ సైజు వారీగా ముక్కలు కలిసి ఉంటాయి కాబట్టి ఒకటి ఖాళీ అయితే ఆ చోటులోకి ఇంకొకటి వస్తుంది.

ఇంటెల్ కార్డుల డ్రైవర్లలో మరో పద్ధతి కనిపిస్తుంది. 4 కిలోబైట్ల పేజీని రెండు సగాలుగా చేస్తారు. ఒక సగంలో దిగిన ప్యాకెట్టు పైకి వెళ్తే రెండో సగాన్ని కార్డుకు ఇస్తారు. రెండోది నిండేసరికి మొదటిది ఖాళీ అయి ఉంటే మళ్లీ అటు తిప్పుతారు. పేజీ మారదు కాబట్టి డీఎంఏ మ్యాపింగ్ (కార్డు నేరుగా రాయడానికి ఆ పేజీ అడ్రస్‌ను సిద్ధం చేయడం) కూడా మళ్లీ చేయనక్కర్లేదు. ఐఓఎంఎంయూ (పరికరాలు వాడే మెమరీ అడ్రస్‌లను మార్చే హార్డ్‌వేర్) ఆన్‌లో ఉన్న యంత్రంలో ఆ మ్యాపింగ్ ఖర్చు తక్కువేం కాదు.

అయితే ఈ తిరకాసు అంతా పైవాళ్లు త్వరగా వదిలేస్తారన్న నమ్మకం మీద నిలబడింది. అప్లికేషన్ నెమ్మదిస్తే రెండు సగాలూ సాకెట్ క్యూలో చిక్కుకుంటాయి. డ్రైవర్ ప్రతిసారీ కొత్త పేజీ తెచ్చుకొని, మ్యాప్ చేసి, పాతదాన్ని వదులుకోవాలి. అంటే ఒత్తిడి ఉన్నప్పుడే ఖర్చు పెరుగుతుంది, తీరిగ్గా ఉన్నప్పుడు బెంచ్‌మార్క్‌లో బ్రహ్మాండంగా కనిపిస్తుంది. ఇలాంటి పద్ధతులను బెంచ్‌మార్క్ చూసి మెచ్చుకోకూడదు.

2018లో 4.18 వెర్షన్‌తో వచ్చిన పేజ్ పూల్ ఈ లోపాన్ని చాలావరకు తీర్చింది. యెస్పర్ డాంగార్డ్ బ్రౌవర్ పని ఇది. ప్రతి రిసీవ్ క్యూకూ సొంత పేజీల నిల్వ ఉంటుంది. ఆ క్యూను చూసే సాఫ్ట్ ఇంటరప్ట్ ఒక్కటే దాన్ని తాకుతుంది కాబట్టి 128 పేజీల దాకా తాళం లేకుండానే తీసుకుంటుంది, పెడుతుంది. వేరే సీపీయూ మీద ఖాళీ అయిన పేజీలు ఒక రింగు ద్వారా తిరిగి ఇంటికి చేరతాయి. డీఎంఏ మ్యాపింగ్ పేజీతోనే అంటిపెట్టుకొని ఉంటుంది. మొదట్లో ఇది ఎక్స్‌డీపీ (ఎస్‌కేబీ తయారవకముందే డ్రైవర్ దగ్గరే ప్యాకెట్లను చూసే మార్గం) కోసమే. 5.14 నుంచి ఎస్‌కేబీల్లోనూ "ఈ పేజీ పూల్‌ది, అక్కడికే పంపు" అన్న గుర్తు పెట్టి మామూలు ప్యాకెట్లకూ వర్తింపజేశారు.

దీనికీ ఒక చికాకు ఉంది. ఇంటర్‌ఫేస్‌ను దించేసినా, దాని పేజీలు ఏదో సాకెట్ క్యూలో ఉండిపోతే పూల్‌ను మూసేయలేరు. అప్పుడు డీమెసేజ్‌లో పూల్ షట్‌డౌన్ నిలిచిపోయిందనీ, ఇన్ని పేజీలు ఇంకా బయటే ఉన్నాయనీ ప్రతి నిమిషానికీ ఓ హెచ్చరిక వస్తుంది. డ్రైవర్ లీకు అయి ఉండొచ్చు. కానీ చాలాసార్లు ఎవరూ చదవకుండా తెరిచి ఉంచిన సాకెట్టే దొంగ. ముందు దాన్ని వెతకాలి.

కాపీ చేయడం పాపమన్న భావన నెట్‌వర్క్ కోడ్ రాసేవాళ్లలో గట్టిగా ఉంది. చిన్న ప్యాకెట్ల దగ్గర అది తప్పు. కాపీబ్రేక్ అనే పద్ధతిలో, సాధారణంగా 256 బైట్ల లోపు ప్యాకెట్టును చిన్న బఫర్‌లోకి కాపీ చేసి, పెద్ద బఫర్‌ను వెంటనే కార్డుకు తిరిగిస్తారు. ఎలాగూ హెడర్ చదవడానికి ఆ క్యాష్ లైన్లు వచ్చే ఉంటాయి కాబట్టి కాపీ దాదాపు ఉచితం. పైగా ట్రూసైజ్ ఒక్కసారిగా దిగిపోతుంది. ఇందాకటి యూడీపీ ఉదాహరణలో 92 కాస్తా రెండింతలు దాటేది ఇలాంటి డ్రైవర్ ఉంటేనే.

పంపే వైపు, 17 పేజీల సరిహద్దు

పంపేటప్పుడు ఎంత డేటా ఉందో తెలుసు, నిద్రపోవడానికీ వీలుంది కాబట్టి ఇక్కడ తలనొప్పి తక్కువ. టీసీపీ 32 కిలోబైట్ల ముక్కల్లో డేటా నింపుతూ, ఒక ఎస్‌కేబీకి డిఫాల్ట్‌గా 17 ముక్కల దాకా తగిలిస్తుంది. తర్వాత దాన్ని సెగ్మెంట్లుగా కార్డే కోస్తుంది.

తక్కువే కానీ లేకపోలేదు. 2019 జూన్‌లో బయటపడ్డ శాక్ పానిక్ లోపం ఈ రెండు సంఖ్యల నుంచే పుట్టింది. దాన్ని కనిపెట్టింది నెట్‌ఫ్లిక్స్‌లో జొనాథన్ లూనీ. అవతలివాడు ఎంఎస్‌ఎస్ (ఒక సెగ్మెంటుకు గరిష్ఠ పరిమాణం) 48 అని చెబితే, ఆప్షన్లకు 40 పోగా ఒక్కో సెగ్మెంటులో డేటాకు మిగిలేది 8 బైట్లే. 17 ముక్కలు, ఒక్కోటి 32 కిలోబైట్లు, మొత్తం 557056 బైట్లు. 8తో భాగిస్తే 69632 సెగ్మెంట్లు. ఆ లెక్క దాచే గడి 16 బిట్లది, 65535 దాటితే పొంగిపోతుంది. శాక్ సందేశాలతో (ఏయే ముక్కలు అందాయో చెప్పే రసీదులు) ఎస్‌కేబీలను ఒకదానిలో ఒకటి కలిసిపోయేలా చేస్తే దూరం నుంచే కెర్నెల్‌ను కూలదోయొచ్చు.

మెమరీ నిజంగా అయిపోతే

స్వాప్ ఫైల్ (మెమరీ చాలనప్పుడు పేజీలను దాచే చోటు) నెట్‌వర్క్ మీద ఉందనుకోండి. మెమరీ ఖాళీ చేయాలంటే పేజీని నెట్‌వర్క్ మీదుగా పంపాలి, పంపినట్టు జవాబు రావాలి, ఆ జవాబు అందుకోవడానికి మెమరీ కావాలి. మింగలేక కక్కలేక ఆగిపోతుంది. అందుకే అత్యవసర నిల్వలోంచి తీసిన పేజీల మీద ఒక ముద్ర ఉంటుంది. 2012లో 3.6 వెర్షన్‌తో వచ్చిన ఏర్పాటు ప్రకారం, అలాంటి పేజీలో దిగిన ప్యాకెట్టు స్వాప్‌కు సంబంధించిన సాకెట్‌ది కాకపోతే నిర్దాక్షిణ్యంగా పారేస్తారు. ఎన్‌స్టాట్ కమాండ్‌లో పీఎఫ్‌మెమ్‌అలాక్ డ్రాప్ కౌంటర్ కదిలితే యంత్రం అడుగంటిందని అర్థం.

ఆ స్థితికి రాకముందే టీసీపీ కొన్ని విన్యాసాలు చేస్తుంది. రిసీవ్ క్యూ ట్రూసైజ్ పరిమితి దాటితే, సగం ఖాళీగా ఉన్న ఎస్‌కేబీలను కొత్త బఫర్లలోకి కుదించి కాపీ చేస్తుంది. టీసీపీ రిసీవ్ కొలాప్స్‌డ్ అన్న కౌంటర్ చూపేది దాన్నే. అది పెరుగుతోందంటే సీపీయూ సమయం సర్దుడు పనికి పోతోందని లెక్క. అవతలివైపుకు ప్రకటించే విండో (ఇంకెంత డేటా పంపొచ్చో చెప్పే అంకె) విషయంలోనూ ఇదే గొడవ. బఫర్‌లో సగం అదనపు ఖర్చుకు పోతుందని చాలాకాలం గుడ్డిగా అనుకునేవారు. 2023 నుంచి ప్రతి కనెక్షన్‌లో నిజంగా వచ్చిన పొడవుకూ ట్రూసైజ్‌కూ ఉన్న నిష్పత్తిని చూసి నిర్ణయిస్తున్నారు. ఇంత ఆలస్యంగా ఎందుకు చేశారని మాత్రం అడగాలనిపిస్తుంది.

మొత్తం యంత్రానికి టీసీపీ మెమరీ హద్దులు మూడు, వాటిని పేజీల్లో కొలుస్తారు, బైట్లలో కాదు. ఈ ఒక్క పొరపాటుతో హద్దును 4096 రెట్లు పెంచేసి కూర్చున్న కాన్ఫిగరేషన్ ఫైళ్లకు కొదవలేదు. వదిలేస్తే కెర్నెలే ర్యామ్‌ను బట్టి లెక్కగడుతుంది: సుమారు 4.68 శాతం, 6.25 శాతం, 9.37 శాతం. రెండోది దాటితే పొదుపు మొదలు, మూడోది దాటితే "టీసీపీ అవుట్ ఆఫ్ మెమరీ" అన్న సందేశం.

ఎక్కడ చూడాలి

ప్యాకెట్లు పోతున్నాయన్న ఫిర్యాదు వచ్చినప్పుడు కింది నుంచి పైకి వెళ్లడం మేలు. మొదట ఈథ్‌టూల్ (నెట్‌వర్క్ కార్డు వివరాలు చూపే కమాండ్) గణాంకాల్లో బఫర్ దొరకని కౌంటర్లు. పేర్లు డ్రైవర్‌ను బట్టి మారతాయి, "నో బఫర్", "అలాక్ ఫెయిల్" వంటి మాటల కోసం చూడాలి. అవి పెరుగుతూ డీమెసేజ్‌లో ఆర్డర్ 2, 3 వైఫల్యాలు ఉంటే ప్రాక్ కింద బడ్డీఇన్ఫో ఫైలు చూడాలి. ఎడమవైపు గళ్లలో (చిన్న ముక్కలు) వేలు, కుడివైపు గళ్లలో (పెద్ద ముక్కలు) సున్నాలు ఉంటే మెమరీ ముక్కలైపోయిందన్నమాట. కనీస ఖాళీ మెమరీ సెట్టింగును పెంచితే తాత్కాలికంగా ఊపిరి ఆడుతుంది. అతిగా పెంచితే మాత్రం మిగతా ప్రోగ్రాములకు చోటు తగ్గి అసలుకే మోసం. కార్డు వైపు అంతా శుభ్రంగా ఉంటే స్లాబ్‌టాప్‌లో ఎస్‌కేబీల సంఖ్య, ఆ తర్వాత ఎస్‌ఎస్ కమాండ్‌లో మెమరీ ఆప్షన్. అందులో ఎస్‌కేమెమ్ వరసలో ఆర్ అంటే ఇప్పుడు పట్టుకున్న ట్రూసైజ్, ఆర్‌బీ అంటే హద్దు, చివరి డీ అంటే పారేసినవి. ఆర్ పెద్దదిగా ఉండి, రిసీవ్ క్యూ గడిలో బైట్లు చిన్నవిగా ఉన్న టీసీపీ సాకెట్ దొరికిందా, చిన్న ప్యాకెట్లు పెద్ద బఫర్లలో కూర్చున్నాయని రుజువు.

డ్రాపులు కనబడగానే రింగు (కార్డుకు ముందుగా ఇచ్చి ఉంచే బఫర్ల వరస) సైజును గరిష్ఠానికి పెంచేయడం బాగా అలవాటైన పని. లెక్క చూసి చేయాలి. 64 క్యూలు, ఒక్కో దానికి 4096 గళ్లు, గడికి 2 కిలోబైట్లు అంటే 512 మెగాబైట్లు. ఒక్క ప్యాకెట్టూ రాకముందే అంత మెమరీ కేటాయించి పెట్టాలి. 64 కిలోబైట్ల పేజీలతో నడిచే ఆర్మ్ యంత్రంలో డ్రైవర్ గడికో పేజీ ఇస్తే ఒక్క క్యూకే 256 మెగాబైట్లు. ఇంకో సంగతి. ఇంటెల్ సర్వర్లలో కార్డు నుంచి వచ్చే డేటా నేరుగా ఎల్3 క్యాష్‌లో కొంత భాగంలోకే దిగుతుంది, ఆ భాగం డిఫాల్ట్‌గా క్యాష్ విభాగాల్లో ("వే" అంటారు) రెండు మాత్రమే. రింగు అందులో పట్టకపోతే, ముందు దిగిన ప్యాకెట్లను సీపీయూ చదవకముందే వెనకాల వచ్చేవి ర్యామ్‌లోకి తోసేస్తాయి. అప్పుడు డ్రాపులు తగ్గి, ఒక్కో ప్యాకెట్టుకు పట్టే సమయం పెరుగుతుంది. 1024తో మొదలుపెట్టి, రెట్టింపు చేస్తూ, ప్రతిసారీ డ్రాపులతో పాటు పెర్ఫ్ అనే కొలిచే కమాండ్‌లో క్యాష్ మిస్సులనూ చూడాలి.